మేడారం బస్సులో రైఫిల్ ముచ్చట

ఇన్నోవాకు ఆరు వేలు అడిగాడు. హన్మకొండ నుంచి మేడారం పోయి సాయంత్రానికి రావడానికి, అదీ జాతర లేని రోజుల్లో! "అమెరికా సార్లున్నరు కదన్నా" అని డ్రైవర్ నవ్వేసరికి నాకు ఒళ్లు మండింది. బస్సులోనే పోదామని అక్కడే తేల్చేశాను. బావ ఏమీ అనలేదు. అక్క మాత్రం ఒకసారి ఎండను, ఒకసారి నన్ను చూసింది.

ఏటూరునాగారం బస్సు హన్మకొండ బస్టాండులోనే నిండిపోయింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గర్నుంచి సీటు దొరకడమంటే యుద్ధమే. అమ్మ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని దర్జాగా కిటికీ పక్కన కూర్చుంది. అక్క దగ్గర అమెరికా పాస్‌పోర్టు తప్ప ఏమీ లేదు. "ఇది నడవదమ్మా" అన్నాడు కండక్టర్. పుట్టింది వరంగల్‌లో, చదివింది వరంగల్‌లో, అయినా ఫుల్ టికెట్. అక్క దారంతా ఆ మాటే గొణుక్కుంది. డబ్బులిచ్చిన మగవాళ్లం ములుగు దాకా నిలబడే ఉన్నాం.

నిజానికి నా చిరాకంతా బస్సు మీద కాదు. ముందురోజు మేనల్లుణ్ని హంటర్ రోడ్డులోని జూకు తీసుకెళ్లాను. పన్నెండేళ్లవాడు, టెక్సాస్‌లో పుట్టాడు. చుక్కల జింకల ఎన్‌క్లోజర్ దగ్గర పిల్లలంతా "జింక, జింక" అని అరుస్తుంటే, వీడు మాత్రం కమ్మీకి ఆనుకుని నింపాదిగా, "మామా, ముందు కాలు వెనకాల, ఇదిగో ఇక్కడ కొట్టాలి. గుండె, లంగ్స్ రెండూ అక్కడే ఉంటయి" అన్నాడు. తెలంగాణ రాష్ట్ర జంతువును పట్టుకుని! పక్కన పాప్‌కార్న్ తింటున్న ఒకావిడ వాణ్ని, ఆ తర్వాత నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ఇంటికొచ్చాక బావను అడిగితే, వచ్చే సీజన్‌కు వాడు దుప్పి వేటకు పోతున్నాడని, ఏ రైఫిల్ కొనాలో నెలల తరబడి చూస్తున్నానని చల్లగా చెప్పాడు.

ములుగులో సగం బస్సు దిగింది. బావ, పిల్లాడు ఒక సీట్లో, వెనక సీట్లో నేను. నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్ల పంచె, మోకాళ్ల మధ్య వంకీ పిడి ఉన్న పొడుగాటి గొడుగు. జంగాలపల్లి దాటేసరికి నాకూ బావకూ వాదన ముదిరింది. వన్యప్రాణి చట్టం 1972లోనే వచ్చింది, ఇక్కడ దుప్పిని కొడితే జైలు, ఇరవై ఒక్క ఏళ్లు నిండనిదే తుపాకి లైసెన్సే ఇవ్వరు, పసిపిల్లాడికి ఈ సరదా ఏమిటని నేను. టెక్సాస్‌లో దుప్పులు యాభై లక్షలకు పైనే, వాటిని అదుపులో ఉంచే తోడేళ్లు లేవు, వేటాడకపోతే మేత చాలక అవే బక్కచిక్కిపోతాయి, లైసెన్సు, సీజన్, కొట్టిన దుప్పికి కట్టే ట్యాగు అన్నీ ఉంటాయని బావ. తొమ్మిదేళ్లు నిండితే చాలు, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకోవచ్చట. మనవాడు తీసుకున్నాడు కూడా.

"మరి తుపాకికి ఇంత ఆలోచన ఎందుకు? ఏదో ఒకటి కొనెయ్" అన్నాను ఎగతాళిగా.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పక్కింటాయన ఒకసారి ఫామ్‌కు తీసుకెళ్లి, పెద్ద తూటాలు వేసే తన .30-06 రైఫిల్‌తో పిల్లాడి చేత కాల్పించాడట. పేలినప్పుడు అది వెనక్కి తన్నిన దెబ్బకు భుజం నల్లగా కమిలిపోయింది. అక్క వారం రోజులు ఆ ఇంటి వైపు చూడలేదు. భుజం మామూలైంది కానీ, ఆ తర్వాత చిన్న .22 రైఫిల్ చేతికిచ్చినా ట్రిగ్గర్ నొక్కే ముందే వీడి కండ్లు మూసుకుపోతున్నాయి.

అంతవరకు కిటికీ బయటికి చూస్తున్న పెద్దాయన ఇటు తిరిగాడు. "తుపాకి తన్నిందా బిడ్డా?" అన్నాడు పిల్లాడితో.

వాడికి ప్రశ్న అర్థం కాలేదు గానీ, ఆయన భుజం తట్టుకుని చూపించేసరికి తలూపాడు.

ఆయన తండ్రి దగ్గర నాటు తుపాకి ఉండేదట, ఈ చట్టాలేవీ రాకముందు. మందు దట్టించి, గుండు వేసి, గొట్టంలోకి కడ్డీతో కూరేది. "మందు ఓ చిటికెడు ఎక్కువ పడ్డదా, ఇగ వానికి దుప్పి దొరకది, బొక్క ఇరుగుతది" అన్నాడు. తర్వాత ఆయన చెప్పిన మాటకు బావ సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "వానకు మందు తడిసి పేలకపోతది సూడు, అప్పుడు తెలుస్తది ఎవ్వడు బెదురుతుండో. తుపాకి పేలనే లేదు, వీని భుజం మాత్రం అదురుతది, గొట్టం కిందికి పడతది."

"తాతా, అచ్చం ఇదే మేం షూటింగ్ రేంజ్‌లో చేస్తం" అన్నాడు బావ. పిల్లాడికి చెప్పకుండా తూటాల మధ్య మందు లేని డమ్మీ తూటా ఒకటి పెడతారట. ట్రిగ్గర్ నొక్కినప్పుడు చప్పుడు రాదు, గొట్టం మాత్రం గబుక్కున వంగుతుంది. పిల్లాడు దెబ్బకు బెదిరి ముందే బిగుసుకుంటున్నాడని అలా తెలిసిపోతుంది. అలా బెదిరినవాడి తూటా గుండెకు తగలదు, కడుపులో తగులుతుంది. దుప్పి చావదు, పొదల్లోకి పోయి గంటల తరబడి బాధపడుతుంది. పిల్లలకు దెబ్బ తక్కువ ఉన్న రైఫిల్ కావాలనేది భుజం కోసం మాత్రమే కాదు, దుప్పి కోసం కూడా. ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. వేట నాకు ఇప్పటికీ నచ్చదు, అది వేరే సంగతి.

లెక్కలు కూడా చెప్పాడు బావ. ఒక మోస్తరు బరువున్న రైఫిల్‌లో .30-06 దెబ్బ దాదాపు 20 ఫుట్ పౌండ్లుంటే (దెబ్బను కొలిచే లెక్క అది), .243 విన్‌చెస్టర్‌ది అందులో సగమే. అది 1955 నాటి తూటా, 100 గ్రెయిన్ల బరువున్న గుండుతో వంద గజాల్లో దుప్పికి ధారాళంగా సరిపోతుంది. ఈ మధ్య అందరి నోటా 6.5 క్రీడ్‌మోర్ మాటే. దాని దెబ్బ .243 కంటే కాస్త ఎక్కువ, గుండు బరువూ ఎక్కువ. 7ఎంఎం-08 కూడా ఇంచుమించు అంతే. .223 అయితే దెబ్బే తెలియదు, కానీ గుండు చిన్నది, గురి అంగుళాలు తప్పితే పని చెడుతుంది, కొత్తవాడికి వద్దన్నాడు. పిల్లాడి మనసంతా క్రీడ్‌మోర్ మీదే. స్నేహితుడి దగ్గర అదే ఉందట.

"ఎంత బరువుంటది?" అన్నాడు పెద్దాయన. ఆయనకు ఈ నంబర్లతో పని లేదు.

పిల్లల కోసమని ఆరు పౌండ్ల లోపు రైఫిళ్లు అమ్ముతారట అక్కడ. మోయడానికి సుఖం. "అల్కటిదైతే ఇంకా ఎక్కువ తంతది గదా" అన్నాడాయన వెంటనే. బావ నవ్వాడు. నెలల తరబడి చదివి తెలుసుకున్నది అదే. తూటా ఒకటే అయితే, రైఫిల్ బరువు పెరిగేకొద్దీ భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. అందుకే గురి చూసే దుర్బిణితో, అదే స్కోపుతో కలిపి ఏడున్నర పౌండ్లకు తగ్గకుండా చూస్తున్నాడు. గొట్టం చివర మజిల్ బ్రేక్ బిగిస్తే దెబ్బ తగ్గుతుంది గానీ చప్పుడు చెవులు పగలగొడుతుంది. రైఫిల్ చప్పుడు మామూలుగానే 150 డెసిబెల్స్ దాటుతుంది, పిల్లలు సగం బెదిరేది దానికే. అందుకని ముందు మంచి ఇయర్ మఫ్స్ కొన్నాడు.

తర్వాత గొడుగు వంతు వచ్చింది. పెద్దాయన గొడుగు అందించాడు, బావ పిల్లాడి మోచేయి వంచి, గొడుగు పిడిని మోచేతి మడతలో ఆనించాడు. అక్కడి నుంచి చూపుడు వేలు ఎక్కడి దాకా అందితే ట్రిగ్గర్ అక్కడుండాలి. పెద్దల రైఫిల్‌కు ఈ కొలత పదమూడున్నర అంగుళాలు అటూ ఇటూ, పిల్లల మోడళ్లకు పన్నెండు, పన్నెండున్నర. రైఫిల్ మడమ, అంటే వెనక కొస, భుజంలో కుదురుగా ఆనకపోతే, తక్కువ దెబ్బ కూడా చంప మీద కొడుతుంది. స్కోపు మరీ దగ్గరైతే కనుబొమ చిట్లుతుంది. ఎదురు సీట్లో ఒకామె తన పిల్లను దగ్గరికి లాక్కుంది. కండక్టర్ వచ్చి, "ఏంది సార్, బస్సుల షూటింగా?" అని పోయాడు.

"వీడు ఎదుగుతాడు కదా, రెండేళ్లకు చిన్నదైపోదా, పెద్దదే కొంటే?" అని నేనంటే, ముందు సీట్లోంచి అమ్మ అందుకుంది. "నీకు గట్లనే రెండు సైజులు పెద్ద అంగీలు కొన్న. పదో తరగతి దాకా చేతులు మడుసుకునే తిరిగినవు." మడమ దగ్గర స్పేసర్లు పెట్టి పొడవు పెంచుకునే మోడళ్లున్నాయని బావ అన్నాక ఆ చర్చ ముగిసింది.

పెద్దాయన పస్రాలో దిగాడు. దిగే ముందు, ఇప్పుడు ఈ అడవిలో తుపాకి చప్పుడు వినబడదని, దొంగ వేటగాళ్లు ఉచ్చులు, కరెంటు తీగలు పెడుతున్నారని, దుప్పితో పాటు పశువులూ మనుషులూ పోతున్నారని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఇందాకటి హుషారు లేదు.

పస్రా నుంచి తాడ్వాయి దాకా పిల్లాడు కిటికీకి అతుక్కుపోయాడు. దుప్పి బొమ్మల బోర్డులు కనిపించాయి, కోతులు కనిపించాయి, దుప్పి మాత్రం ఒక్కటీ లేదు. 2024 ఆగస్టు చివరి గాలివానకు ఈ అడవిలో వేల చెట్లు వేళ్లతో సహా కూలాయని నేను చెబితే విన్నాడో లేదో.

తాడ్వాయి నుంచి ఆటోకు ఎంత గుంజాడో రాయను, మళ్లీ బీపీ పెరుగుతుంది. మేడారంలో అమ్మ మొక్కు పిల్లాడి నిలువెత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం. వాణ్ని కాంటా మీద కూర్చోబెడితే బెల్లం ధర చూసి అమ్మే, "బూట్లు విప్పురా, అవి కూడా తూగుతున్నయి" అంది. ముప్పై ఎనిమిది కిలోలు. హన్మకొండ కంటే కిలోకు ఇరవై ఎక్కువ పెట్టి అంత బెల్లం కొన్నాం. బావ కాంటా వైపు చూసి, "ముప్పై ఎనిమిదేనా? అయితే .243" అన్నాడు.

సమ్మక్క గద్దె పక్కన ఆ మాటేమిటని అక్క కసిరింది. తిరుగు బస్సులో తనూ ఒక షరతు పెట్టింది. కండ్లు మూయడం పూర్తిగా మానేదాకా .22తోనే ప్రాక్టీసు, అంతవరకు పెద్ద రైఫిల్ బీరువాలోనే, తాళం తన దగ్గర. క్రీడ్‌మోర్ పోయిందని పిల్లాడు ములుగు దాకా మూతి ముడుచుకున్నాడు. అక్కడ బస్సు ఆగినప్పుడు మిరపకాయ బజ్జీలు తిన్నాక, .22 తూటాలు ఎన్ని కొనిస్తావని బావను అడిగాడు. ఐదు వందల డబ్బా అన్నాడు బావ. వాడు రెండు డబ్బాలకు బేరం పెట్టాడు. బావ ఒప్పుకున్నాడు.