లాగిన్ కంటే ముందే తెరుచుకున్న టేబుల్

అందరూ లోపలికి వచ్చే గేట్‌వే సర్వర్ లాగ్‌లో లాగిన్ 2:14కి. అదే యూజర్ డేటాబేస్‌లో టేబుల్ తెరిచినట్టు ఉన్నది 2:10కి. గడప దాటకముందే బీరువా తీసినట్టు! రెండు రాత్రులు ఆ నాలుగు నిమిషాల చుట్టూనే తిరిగాను. అకౌంట్ ఎవరి చేతికైనా చిక్కిందా, లోపలికి ఇంకో దారి ఉందా అని ఒకటే టెన్షన్. చివరికి రెండు సర్వర్ల టైమ్ పక్కపక్కన పెట్టి చూస్తే, డేటాబేస్ సర్వర్ గడియారం నాలుగు నిమిషాలు వెనకబడి ఉంది.

లాగిన్ అయ్యేది ఎవరో నిర్ధారించే కెర్బెరోస్, గడియారాల మధ్య మామూలుగా అయిదు నిమిషాల తేడా దాకా ఒప్పుకుంటుంది. అందుకే లాగిన్‌లు ఆగలేదు, ఎవరికీ అనుమానం రాలేదు.

టైమ్ సర్వర్లను అడిగి గడియారాన్ని సరిగ్గా ఉంచే క్రోనీ సర్వీస్ నడుస్తూనే ఉంది. చెక్‌లిస్టులో దాని ఎదురుగా టిక్కు కూడా ఉంది. కానీ అది ఏ సర్వర్లను టైమ్ అడుగుతోందో చూపే సోర్సెస్ కమాండ్ కొడితే ‘రీచ్’ గడిలో సున్నా. చివరి ఎనిమిది సార్లు అడిగినప్పుడు ఏయే సార్లు జవాబొచ్చిందో ఆ గడి ఆక్టల్‌లో, అంటే 0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసే పద్ధతిలో, చెబుతుంది. అన్నిసార్లూ వస్తే 377. ఎప్పుడో ఫైర్‌వాల్ రూల్స్ మార్చినప్పుడు టైమ్ అడిగే సందేశాలు వెళ్లే యూడీపీ 123 పోర్టు మూసేశారు. మిలియన్‌కు 20 వంతులు తప్పే గడియారం రోజుకు సుమారు 1.7 సెకన్లు వెనకబడుతుంది. నాలుగున్నర నెలలకు నాలుగు నిమిషాలు. ఫైర్‌వాల్ మార్పు తేదీతో ఆ లెక్క సరిపోయింది.

డేటాబేస్ ఆపి, టైమ్ సరిచేసి, మళ్లీ లేపాం. అంతకంటే ముఖ్యంగా, ఏ నెలలో ఎంత తేడా ఉండి ఉంటుందో రాసిపెట్టాం. అది లేకుండా ఆ పాత లాగ్‌లను ఎవరూ నమ్మి చదవలేరు.

కార్డు చెల్లింపుల డేటా భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ 4.0లోని 10.6 నిబంధనను అప్పుడు మళ్లీ చదివాను. బయటి నుంచి టైమ్ తెచ్చుకోవాల్సింది నిర్ణయించిన సెంట్రల్ సర్వర్లే. మిగతావి వాటినే అడగాలి. కీలక సర్వర్లలో టైమ్ సెట్టింగ్ ఎవరు మార్చినా లాగ్ అవ్వాలి, ఆ లాగ్‌ను ఎవరైనా చూడాలి. ఇందులో అనవసరమైన మాట ఒక్కటీ లేదు. మా సెంట్రల్ సర్వర్లకు ఇప్పుడు నాలుగేసి సోర్సులు పెట్టాం, ఎందుకంటే రెండే ఉండి అవి విభేదిస్తే ఏది తప్పో తేలదు. రీచ్ సున్నాకు పడితే అలర్ట్ వస్తుంది.

ఈసారి ఆడిటర్ సర్వీస్ స్టేటస్ స్క్రీన్‌షాట్ మాత్రమే అడిగారు. నేను ప్రతి సర్వర్ సోర్సెస్ అవుట్‌పుట్ కూడా జతచేశాను. అన్నిటిలో 377, ఒక్కదానిలో 337. అంటే ఎనిమిదిలో ఒక జవాబు రాలేదు. అదెక్కడ పోయిందో ఇప్పుడు వెతుకుతున్నాను.