కామానా, సెమీకోలనా, కంజంక్షనా: ఇంగ్లిష్ వాక్యాలు కలిపేటప్పుడు నేను పాటించే పద్ధతి

ఇంగ్లిష్‌లో రాసింది దిద్దేటప్పుడు ముందు కామాల మీదే కన్నేస్తాను. తెలుగులో ‘వాన ఆగింది, ఆట మొదలైంది’ అని కామాతో సరిపెడితే ఎవరూ తప్పుపట్టరు. ఆ అలవాటుతోనే ‘ద రెయిన్ స్టాప్డ్, ద మ్యాచ్ బిగాన్’ అని రాసేస్తాం. రెండు పూర్తి వాక్యాల్ని ఒట్టి కామాతో అతికించడం ఇంగ్లిష్‌లో తప్పు, దాని పేరు కామా స్ప్లైస్.

అనుమానం వచ్చిన కామాని చెరిపి ఫుల్‌స్టాప్ పెట్టి చూస్తాను. అటూ ఇటూ కర్త, క్రియ ఉండి రెండు ముక్కలూ సొంతంగా నిలబడితే ఒట్టి కామా చాలదు. ‘బికాజ్ ద గ్రౌండ్ వాజ్ వెట్’ లాంటి నిలబడని ముక్క ఒకవైపు ఉంటే మాత్రం సెమీకోలన్ (;) జోలికి పోను.

రెండూ నిలబడ్డాయనుకోండి, వాటి సంబంధం చెప్పకుండానే తెలుస్తోందా అని చూస్తాను. ‘ద షాప్ వాజ్ క్లోజ్డ్, ఇట్ వాజ్ సండే’లో రెండోది మొదటిదానికి కారణమని ఇట్టే తెలుస్తుంది, సెమీకోలన్ చాలు. ‘ద రోడ్ వాజ్ క్లోజ్డ్, వి వెంట్ హోమ్’లో మాత్రం దారి మూసినందుకే వెళ్లారా, మూసి ఉన్నా వెళ్లగలిగారా? ఇక్కడ కామా పెట్టి ‘సో’ అనో ‘బట్’ అనో తేల్చి చెప్పాల్సిందే.

ఇలా కామాతో కలిపే కంజంక్షన్లు ఏడు: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. కర్త ఒక్కటే అయి క్రియలు రెండుంటే కామా కూడా అక్కర్లేదు: ‘షి ఓపెన్డ్ ద ఫైల్ అండ్ రెడ్ ఇట్’.

బాగా చదువుకున్నవాళ్లూ బోల్తాపడేది ‘హౌఎవర్’, ‘దేర్‌ఫోర్’ దగ్గర. చూడ్డానికి ‘బట్’, ‘సో’ల్లా ఉన్నా ఇవి కంజంక్షన్లు కావు. మాటని వాక్యంలో లోపలికి జరిపి చూడండి. ‘ద మ్యాచ్, హౌఎవర్, డిడ్ నాట్ బిగిన్’ అనొచ్చు, ‘బట్’ని అలా జరపలేం. కదిలే మాట వాక్యాల్ని కలపలేదు కాబట్టి ముందు సెమీకోలన్, తర్వాత కామా: ‘ద రెయిన్ స్టాప్డ్; హౌఎవర్, ద మ్యాచ్ డిడ్ నాట్ బిగిన్’. ‘హౌఎవర్’ లోపలికి జరిగినా సెమీకోలన్ అతుకు దగ్గరే ఉంటుంది.

‘ఆల్దో’తో మొదలెట్టి మధ్యలో ‘బట్’ పెట్టడం మనవాళ్లకి మరీ అలవాటు. రెండిట్లో ఒకటి కొట్టేస్తాను. ‘ఆల్దో’ ముక్క ముందుంటే దాని చివర కామా వస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒకే పేరాలో సెమీకోలన్లు రెండు కనిపిస్తే ఒకదాన్ని ఫుల్‌స్టాప్ చేసేస్తాను. ఇది రూలేం కాదు, నా చాదస్తం. కామాలున్న అంశాల జాబితాని మాత్రం ముట్టుకోను. ‘ప్యారిస్, ఫ్రాన్స్; రోమ్, ఇటలీ; అండ్ లిమా, పెరూ’ లాంటి చోట సెమీకోలన్లు తీసేస్తే ఏ ఊరు ఏ దేశానిదో కలగాపులగమవుతుంది.