ఇంగ్లండ్‌లో గడ్డి చూసే ఉద్యోగం

నేను ఎకాలజిస్ట్‌నని చెప్తే మనవాళ్ళు ముందు అడిగేది పులిని చూశావా అని. ఇంగ్లండ్‌లో పులులెక్కడివి, ఇక్కడ జింక, నక్క, బ్యాడ్జర్ కనిపిస్తే అదే గొప్ప. ఇక్కడ ప్రైవేటు కంపెనీల్లో ఎకాలజీ పని చాలావరకు అడవుల్లో ఉండదు, ఊరి చివర ఇళ్ళు కట్టబోయే పొలాల్లో, పాత ఇళ్ళ అటకల మీద, వెడల్పు చేయబోయే రోడ్ల పక్కన ఉంటుంది. బిల్డర్‌కి ప్లానింగ్ పర్మిషన్ కావాలి, పర్మిషన్ కావాలంటే ఆ స్థలంలో ఏమేం బతుకుతున్నాయో ఎవరో ఒకరు వెళ్ళి చూసి రిపోర్ట్ రాయాలి, ఆ పని మాది. అరుదైన జీవుల్ని కాపాడే చట్టాలు, 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్, 2017 నాటి హాబిటాట్స్ రెగ్యులేషన్స్ లేకపోతే మాకు ఇన్ని ఉద్యోగాలు ఉండేవి కావు.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి బోటనీ, జువాలజీ చదివిన పిల్లలు మాస్టర్స్‌కి వచ్చే ముందు నన్ను అడుగుతుంటారు ఈ ఫీల్డ్‌లో నిలబడాలంటే ఏం చేయాలి అని. అందరికీ ఒకటే చెప్తా, జంతువుల మీద ప్రేమతోనే రండి కానీ మొక్కలు నేర్చుకోండి. నా బ్యాచ్‌లో దాదాపు అందరూ గబ్బిలాలనీ గుడ్లగూబలనీ వచ్చినవాళ్ళే, గడ్డి గుర్తుపట్టడం వచ్చినవాళ్ళకే చలికాలంలో కూడా పని దొరికింది.

ఎందుకో చెప్తా. 2024 ఫిబ్రవరి 12 నుంచి ఇంగ్లండ్‌లో పెద్ద ప్రాజెక్టులకి, అదే ఏడాది ఏప్రిల్ 2 నుంచి చిన్నవాటికి బయోడైవర్సిటీ నెట్ గెయిన్ తప్పనిసరి అయింది, కొన్ని మినహాయింపులున్నాయనుకోండి. కట్టక ముందు ఆ నేల మీదున్న చెట్టూ పుట్టా విలువ లెక్కగట్టి, కట్టాక దానికన్నా కనీసం 10 శాతం ఎక్కువ చూపించాలి, దాన్ని 30 ఏళ్ళు కాపాడాలి. చాలా సైట్లలో ఈ లెక్క మొదలయ్యేది గడ్డి దగ్గరే.

మీటరు పొడవు మీటరు వెడల్పు ఉండే చట్రం ఒకటి ఉంటుంది, క్వాడ్రాట్ అంటాం. దాన్ని గడ్డిలో పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో చూడాలి. చదరపు మీటరుకి 6 నుంచి 8 రకాలుంటే అది మాడిఫైడ్ గ్రాస్‌ల్యాండ్, అంటే ఎరువులేసి పెంచిన మామూలు పచ్చిక కిందే లెక్క. 9 గానీ ఆ పైన గానీ వస్తే ఆగి, ఇది అంతకన్నా విలువైన పచ్చికేమో అని మళ్ళీ మొదటి నుంచి చూడాలి. ఆ తొమ్మిదోది ఎప్పుడూ పైకి కనపడదు, గడ్డి దుబ్బులు వేళ్ళతో విడదీస్తే అడుగున నేలకి అతుక్కుని గోరంత ఆకులతో ఉంటుంది. ఒకసారి ఇంగ్లండ్ మధ్యభాగం మిడ్‌ల్యాండ్స్‌లో ఒక పొలంలో నాకు అలా దొరికింది సెల్ఫ్‌హీల్, ప్రూనెల్లా అంటారు, పువ్వు లేదు, నాలుగు ఆకులే ఉన్నాయి, కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా తిప్పితే నాలుగు అంచులు తగిలాయి, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, అంటే తులసి కుటుంబం. మిగతా క్వాడ్రాట్లలో కూడా వెతికితే అది ఆ పొలమంతా ఉంది. ఆ తర్వాత ఆ పొలానికి వేసిన విలువ మారింది, బిల్డర్ ఇళ్ళని ఒక పక్కకి జరిపి మంచి పచ్చికున్న మూలని అలాగే వదిలేశాడు. రిపోర్ట్‌లో నేను రాసిన ఒక పేరు వల్ల ఒక నేల ముక్క మిగిలింది, అందుకే ఈ పని ఎంత చలిలోనైనా చేయాలనిపిస్తుంది.

పూత లేకుండా గడ్డి గుర్తుపట్టడం అసాధ్యం అనుకుంటారు గానీ అదేం కాదు. యార్క్‌షైర్ ఫాగ్‌కి మొదట్లో తెల్ల తొడుగు మీద గులాబీ రంగు గీతలుంటాయి, ఇక్కడివాళ్ళు చారల పైజామా అని గుర్తుపెట్టుకుంటారు. కాక్స్‌ఫుట్ మొదలు గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా అణిగి ఉంటుంది. పెరెన్నియల్ రైగ్రాస్ ఆకు వెనకవైపు తళతళా మెరుస్తుంది, మొదలు కాస్త ఎర్రగా ఉంటుంది. ఆకు కాడని చుట్టుకునే చోట లిగ్యూల్ అని సన్నని పొర ఉంటుంది, అది పొడుగ్గా ఉందా, పొట్టిగా ఉందా, వెంట్రుకలేనా అని పదింతలు పెద్దగా చూపే 10ఎక్స్ లెన్స్ కంటికి ఆనించి చూడాలి. కామన్ సారెల్ అయితే మనకి నాలుకే చెప్తుంది, ఆకు మొదట్లో రెండు మొనలు వెనక్కి తిరిగుంటాయి, మందు కొట్టని చోట ఓ ముక్క నమిలితే అచ్చంగా చుక్కకూర పులుపు, ఉండదా మరి, రెండూ రూమెక్స్ అనే ఒకే జాతివే.

ఈ చూపు మనకి కొత్త కాదు. బతుకమ్మకి గునుగు, తంగేడు కోసుకొచ్చిన పిల్లలకి, చేలో కలుపు తీస్తూ గంగవాయిలి కూర, గలిజేరు, పొన్నగంటి కూర వేరు చేసి ఒడిలో వేసుకునే ఆడవాళ్ళ వెనక తిరిగినవాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చినంత దగ్గరి విద్య. మా అమ్మకి వీడియో కాల్‌లో క్వాడ్రాట్ చూపిస్తే "ఏందే, గడ్డి చూడనీకి నీకు పైసలిస్తరా" అని అడిగింది, అవునమ్మా ఇస్తారు అంటే కాసేపు ఆలోచించి "మరి కలుపు తీసేటోళ్ళకు గూడ ఇయ్యాలె కదనే, వాళ్ళకెర్కలేనిది ఏమున్నది" అంది. ఆ మాట నేను చాలాసార్లు తలచుకున్నా, ఎందుకంటే ఇక్కడ ఆ తెలిసిన విద్యకి పరీక్ష ఉంది, లెవెల్ ఉంది, జీతం ఉంది, అక్కడ కూలి తప్ప ఏమీ లేదు.

పరీక్ష అంటే ఫిస్క్. బ్రిటన్, ఐర్లండ్‌ల బొటానికల్ సొసైటీ బీఎస్‌బీఐ దాన్ని చూసుకుంటుంది, టేబుల్ మీద పెట్టిన మొక్కలు గుర్తుపట్టాలి, తర్వాత ఒక సైట్‌లో తిరిగి దొరికినన్ని రాయాలి, 1 నుంచి 6 దాకా లెవెల్ ఇస్తారు. మంచి లెవెల్ రెజ్యూమెలో ఉంటే ఇంటర్వ్యూలో మన డిగ్రీ ఏ యూనివర్సిటీది అన్న ప్రశ్న వెనక్కి పోతుంది, ఇది నేను స్వయంగా చూశా. నేర్చుకోవడానికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. 1852లో వాట్సన్ అనే బోటనిస్ట్ బ్రిటన్‌ని 112 వైస్ కౌంటీలుగా విడగొట్టాడు, ఇప్పటికీ మొక్కల రికార్డులు ఆ హద్దుల ప్రకారమే నడుస్తాయి, ఆ కౌంటీల్లో జీతం లేకుండా రికార్డులు చూసుకునే వాలంటీర్లు ఉంటారు, వాళ్ళ చుట్టూ వారాంతాల్లో నడకకి వెళ్ళే గ్రూపులుంటాయి. నాకు గడ్డి నేర్పింది అలాంటి గ్రూపులో రిటైరైన పెద్దావిడ, వానలో గొడుగు నా మీద పట్టి తను తడుస్తూ, పేరు తను చెప్పకుండా నాతోనే చెప్పించేది. ఎక్కడినుంచో వచ్చిన పిల్లకి అంత ఓపిగ్గా తన జీవితకాలపు విద్యంతా ఇచ్చేసింది, ఆ రుణం నేను తీర్చలేను.

జంతువుల పని లేదని కాదు. మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ సర్వేలుంటాయి, న్యూట్ అంటే చెరువుల్లో గుడ్లు పెట్టే, బల్లిలా కనిపించే కప్పల చుట్టం, వాటిల్లో చట్టం కాపాడే పెద్ద రకం ఇది, నల్లగా గరుకుగా ఉంటుంది, పొట్ట కింద నారింజ రంగు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా మెడ కోసి తలకిందులుగా దాంట్లోకే దూర్చి, వెదురు పుల్లకి గుచ్చి సాయంత్రం చెరువు అంచున పెడతాం, లోపల గాలి బుడగ ఉందో లేదో తప్పక చూసుకోవాలి, లేకపోతే న్యూట్ ఊపిరాడక చస్తుంది, పొద్దున్నే వెళ్ళి తీసి వదిలేయాలి. నాకు ఇష్టమైంది మాత్రం గుడ్లు వెతకడం. ఆడ న్యూట్ ఒక్కో గుడ్డుని ఒక్కో నీటి మొక్క ఆకు మీద పెట్టి, వెనక కాళ్ళతో ఆకుని మడిచి అంటిస్తుంది, నీళ్ళలో చెయ్యి పెట్టి మడతపడ్డ ఆకు ఒక్కటి విప్పితే లోపల లేత పసుపు గుడ్డు. ఒక్కటి చూస్తే చాలు, మిగతావి విప్పకూడదు. ఇదంతా లైసెన్స్ ఉన్నవాళ్ళే, లేదా వాళ్ళ కింద పేరు నమోదైనవాళ్ళే చేయాలి.

కానీ ఈ పని తగ్గుతోంది. చెరువు నీళ్ళు తీసి ల్యాబ్‌కి పంపితే అందులో న్యూట్ డీఎన్ఏ ఉందో లేదో చెప్పేస్తారు, చాలా జిల్లాల్లో బిల్డర్ డబ్బు కట్టి సర్వే లేకుండానే ఒక స్కీమ్‌లో చేరొచ్చు. గబ్బిలాల పని కూడా మారింది, 2023లో వచ్చిన కొత్త గైడ్‌లైన్స్ ప్రకారం ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో సాయంత్రం సర్వే చేస్తున్నాం, తెల్లవారుజాము సర్వేలు బాగా తగ్గాయి, నిద్ర దొరుకుతోంది. క్వాడ్రాట్ ముందు మాత్రం ఇంకా మనిషే కూర్చోవాలి.

ఇక చేదు విషయం, వీసా. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా 2 ఏళ్ళు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి మాస్టర్స్ మీద 18 నెలలే. తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే జీతం హద్దు 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి ఒక్కసారి 38,700కి పెరిగింది, 2025 జులైలో 41,700 అయింది, కొత్తగా చేరేవాళ్ళకి కొంత తగ్గింపు ఉన్నా 33,400. మొదటి ఉద్యోగంలో ఎకాలజిస్ట్‌కి వచ్చేది 25 వేల అటూ ఇటూ. పైగా మొదట దొరికేవి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉండే సీజనల్ కాంట్రాక్టులు, వాటికి ఎవరూ వీసా స్పాన్సర్ చేయరు. నాతో పాటు పనిచేసిన ఒక కేరళ అబ్బాయి, పక్షి కూత విని ఠక్కున పేరు చెప్పేవాడు, వీసా అయిపోయి వెళ్ళిపోయాడు, ఇది అన్యాయం అని నేను ఇప్పటికీ అంటాను. సాఫ్ట్‌వేర్ జీతాలకి కుట్టిన కొలత మా పనికి సరిపోదు. అందుకే వచ్చిన మొదటి నెల నుంచే లెక్క వేసుకోండి, స్పాన్సర్ లైసెన్స్ ఉన్న పెద్ద కన్సల్టెన్సీలు ఏవో ప్రభుత్వ లిస్టులో చూసుకోండి. డ్రైవింగ్ కూడా అంతే ముఖ్యం, మన ఇండియా లైసెన్స్ ఇక్కడ స్థిరపడ్డ 12 నెలల దాకానే చెల్లుతుంది, టెస్ట్ డేట్ దొరకడానికే నెలలు పడుతుంది, కారు లేకుండా ఈ ఉద్యోగం లేదు.

రాత్రి పనిలో ఒక సంగతి ఎవరూ ముందు చెప్పరు. చీకట్లో ఎవరి ఇంటి గోడ పక్కనో మన రంగు మనిషి కెమెరాతో నిలబడితే అనుమానంగా చూస్తారు, ఒకసారి ఎవరో ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు, మర్యాదగానే మాట్లాడారు కానీ ఆ రాత్రి నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అప్పటి నుంచి కంపెనీ లెటర్ జేబులో పెట్టుకుంటా, చుట్టుపక్కల ఇళ్ళకి ముందే చీటీ వేస్తాం, గంటకోసారి ఫోన్ చేసే తోడు లేకుండా వెళ్ళను. ఆడపిల్లలు ఒంటరి సర్వేకి ఒప్పుకోనక్కర్లేదు, గట్టిగా అడగండి.

మన దగ్గర ఈ పనికి విలువ లేదని నేను అనను. కడప లంకమల అడవుల్లో కలివికోడి అనే పక్షి, అదే జెర్డాన్స్ కోర్సర్, 1900 తర్వాత ఎవరికీ కనిపించకుండా పోయి 1986లో మళ్ళీ దొరికింది, దొరికింది కూడా అడవి తెలిసిన స్థానికుడి వల్లే. తర్వాత దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. నేను ఇక్కడ రిపోర్ట్‌లో రాసేది కూడా అదే మాట, ముందు హాని తప్పించండి, కుదరకపోతేనే నష్టపరిహారం.

వచ్చే సెప్టెంబర్‌కి వస్తున్నవాళ్ళు ఇప్పటి నుంచే కుటుంబాలు నేర్చుకోండి, పేర్లు తర్వాత. కొత్తిమీర పూతకొస్తే గొడుగులా విచ్చుకుంటుంది కదా, వాము, జీలకర్ర కూడా అంతే, ఇక్కడ రోడ్ల పక్కన తెల్లగా నిండిపోయే కౌ పార్స్‌లీ ఆ కుటుంబమే, కాడ మీద ఊదారంగు మచ్చలుండి ప్రాణం తీసే హెమ్‌లాక్ కూడా ఆ కుటుంబమే కాబట్టి దాన్ని నోట్లో పెట్టి చూడకండి. ఆవ పువ్వుకి నాలుగు రెక్కలు, ముల్లంగిదీ అంతే. కంది, పెసర పువ్వులు తెలిస్తే ఇక్కడి క్లోవర్లు, వెచ్‌లు సగం తెలిసినట్టే. మంచి లెన్స్ ఒకటి కొనుక్కోండి, హాస్టల్ గోడ పక్కన కలుపుతో మొదలుపెట్టండి. ఏమైనా అడగాలంటే మార్చి లోపే అడగండి, ఆ తర్వాత సెప్టెంబర్ దాకా నేను పొలాల్లోనే ఉంటా, జవాబు ఆలస్యమవుతుంది.