పాడిన పాటలను వెనుక వదిలి

గతాన్ని విడిచిపెట్టడం అనగానే చెడ్డ గతం గురించే మాట్లాడతారు. సంఘంలో వినే సాక్ష్యాలన్నీ దాదాపు ఆ దారిలోనే నడుస్తాయి: వ్యసనం, అప్పులు, తెగిపోయిన బంధం, ఆ తర్వాత విడుదల. నన్ను పట్టుకుని వదలని గతం అలాంటిది కాదు. చాలా బాగుండేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

చిన్నప్పటి నుంచి గాయక బృందంలో సొప్రానో, అంటే అన్నిటికన్నా పై గొంతు వరుస, పాడేదాన్ని. క్రిస్మస్ ఆరాధనలో గానీ, ఈస్టర్ ఉదయం గానీ ఒంటరిగా పాడే భాగం ఉంటే అది నాకే వచ్చేది. సొంతంగా ఒక ఆల్బమ్ చేయాలని కల. పాటలు కూడా ఎంచి పెట్టుకున్నాను. ముప్పై దాటాక థైరాయిడ్ గ్రంథిలో గడ్డ కనబడింది. శస్త్రచికిత్స చేసి తీసేశారు, పరీక్షలో అది కేన్సర్ కాదని తేలింది, అందరూ దేవునికి స్తోత్రం చెప్పారు. నేనూ చెప్పాను, కానీ ఆ మాట నా చెవికే సరిగా వినిపించలేదు.

స్వరపేటికను కదిలించే నరం థైరాయిడ్ గ్రంథిని దాదాపు ఆనుకునే వెళ్తుంది. దానికి దెబ్బ తగిలితే ఆ వైపు స్వరతంత్రి కదలడం మానేస్తుంది. మాట్లాడాలన్నా పాడాలన్నా రెండు తంత్రులూ దగ్గరకు వచ్చి కలవాలి. ఒకటి కదలకపోతే మధ్యలో సందు మిగిలి, గాలి అందులోంచి వృథాగా పోతుంది. గొంతు బొంగురుపోతుంది, వాక్యం పూర్తికాకముందే ఊపిరి అయిపోతుంది. ఇలా జరిగే అవకాశం ఉందని డాక్టరు గారు ముందే వివరించారు, నేను సంతకం పెట్టాను. కోప్పడదామంటే మనిషి లేడు. నరం తనంతట తాను కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఏడాది దాకా చూద్దాం అన్నారు. వాయిస్ థెరపీ మొదలైంది. గొంతుకు విశ్రాంతి అనుకుని నేను గుసగుసలాడుతుంటే థెరపిస్టు ఆపేసింది. గుసగుసతో గొంతు ఇంకా అలసిపోతుందట, మామూలుగా, నెమ్మదిగా మాట్లాడమంది.

ఆ ఏడాది నా కోసం ఉపవాస ప్రార్థనలు జరిగాయి. పెద్దలు ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థించారు. వాళ్ల ప్రేమను ఈ రోజుకీ తక్కువ చేయను. కాకపోతే నెలలు గడిచేకొద్దీ ప్రార్థనల స్వరం మారింది. విశ్వాసం చాలడం లేదేమోనని ఒకావిడ మెల్లగా అంది. ఇలాంటి మాటలు ఎవరూ గట్టిగా అనరు, చెయ్యి పట్టుకుని మరీ అంటారు.

రాత్రిళ్లు నేను చేసే పని ఒక్కటే. ఫోనులో నా పాత రికార్డింగులు వినడం. ఒకే పాట, అందులోనూ ఒకే చోటు: పై స్వరం మీద కాస్త నిలిచి, కిందికి జారే చోటు. విన్న తర్వాత దాన్ని అందుకోవాలని ప్రయత్నించేదాన్ని. గాలి వచ్చేది. మళ్లీ వినేదాన్ని.

గడువు దాటింది, నరం కోలుకోలేదు. అప్పుడు పాస్టర్ గారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, ఇంటికి వచ్చారు. ఏదో ఓదార్పు వచనం చదువుతారనుకున్నాను. నూట ముప్పై ఏడో కీర్తన తీసి బైబిలు నా చేతికిచ్చారు. "గొంతు ఎలా ఉంటే అలాగే చదవమ్మా" అన్నారు. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ల కీర్తన అది. తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించి, పాడమని అడిగినవాళ్లను వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు: అన్యుల దేశంలో యెహోవా కీర్తనలు ఎలా పాడగలం? ఆ వచనం దగ్గర ఊపిరి చాలక రెండు ముక్కలుగా చదివాను. ఆవిడ తొందరపెట్టలేదు, సరిచేయలేదు. పాడలేనివాళ్ల మాటనే దేవుడు కీర్తనల్లో చేర్చి ఉంచాడన్న సంగతి అంతవరకు నాకు తట్టలేదు. ఆ కీర్తన చివర ఎంత భయంకరమైన కోపం ఉందో చదివినవాళ్లకు తెలుసు. అది కూడా కొట్టివేయకుండా అలాగే ఉంది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం చదవమన్నారు. నాకు తెలిసిన అధ్యాయమే అనుకున్నాను. పదకొండో వచనం, దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవని చెప్పేది, మా ముందు గదిలో ఫ్రేము కట్టి ఉంది. ఈసారి మొదటి నుంచి చదివాను. బబులోనుకు చెరపట్టి తీసుకుపోబడినవాళ్లకే రాసిన ఉత్తరం అది, అంటే ఆ కీర్తనలో ఏడ్చిన జనానికే. త్వరలో ఇంటికి వచ్చేస్తారని అందులో లేదు. డెబ్బై ఏళ్లు పడుతుందని పదో వచనం చెబుతుంది. అంతవరకు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఐదు, ఆరు, ఏడు వచనాలు. ఫ్రేములో పదకొండొకటే ఎందుకు ఉంటుందో అర్థమైంది. పదోదాన్ని గోడకు ఎవరు తగిలించుకుంటారు?

నన్ను అసలు కదిలించింది మాత్రం ఫిలిప్పీయులకు రాసిన పత్రిక. "వెనుక ఉన్నవి మరచి ముందున్న వాటికొరకై వేగిరపడుచు" అన్న మాట సండేస్కూలు నుంచీ కంఠస్థం. పౌలు మరచినవి తన పాపాలూ సంఘాన్ని హింసించిన రోజులూ అనే అనుకుంటూ వచ్చాను. అదే మూడో అధ్యాయంలో కాస్త పైన ఆయన లెక్కపెట్టినవి చూస్తే ఎక్కువగా ఘనతలే: ఎనిమిదో రోజున సున్నతి, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల సంతానమైన హెబ్రీయుడు, ధర్మశాస్త్రం విషయంలో పరిసయ్యుడు. ఇవన్నీ లాభకరమైనవే అని ఒప్పుకుని, క్రీస్తు కోసం నష్టంగా ఎంచుకున్నానంటాడు. ఈ మాటలు రాసేటప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నాడు. యెషయా నలభై మూడులోనూ ఇంతే. "మునుపటివాటిని జ్ఞాపకము చేసికొనకుడి" అనే ముందు ప్రవక్త గుర్తుచేసింది ఐగుప్తు దాస్యం నుంచి బయటపడేటప్పుడు సముద్రంలో దారి ఏర్పడిన సంగతి. ఇశ్రాయేలు చరిత్రలో అంతకన్నా గొప్ప రోజు ఏముంది? దాన్నే పట్టుకుని వేలాడవద్దు, కొత్తది చేస్తున్నానంటున్నాడు.

నేను పట్టుకుని కూర్చున్నది దెబ్బతిన్న నరాన్ని కాదని తెలిసింది. ఈస్టర్ ఉదయం పాట పూర్తయ్యాక జనం నా వైపు చూసే ఆ చూపును.

తెలిసినంత మాత్రాన వదిలిపోదు. రికార్డింగులన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసి, ఫోనులోంచి తీసేసి, చెల్లికి ఇచ్చాను. నేను అడిగినా ఇవ్వొద్దన్నాను. ఒక రాత్రి నిజంగానే ఫోను చేసి అడిగాను. "ఇవ్వనక్కా, పడుకో" అని పెట్టేసింది. ఇంత కఠినంగా ఎప్పుడు తయారైందో తెలియదు.

దానికన్నా కష్టమైనది బృందంలో నా స్థానం. నా తర్వాత ఆ భాగాలు ఇంకా చదువుకుంటున్న ఒక అమ్మాయికి ఇచ్చారు. మంచి గొంతు. వినలేక రెండో ఆరాధనకు వెళ్లడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయే ఒకరోజు వచ్చి, "ఆంటీ, ఈ పొడుగు వరుసలో ఊపిరి ఎక్కడ తీసుకునేవారు?" అని అడిగింది. నా స్వరప్రతి తెచ్చి ఇచ్చాను. ఏళ్ల తరబడి పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు అందులో ఉన్నాయి: ఊపిరి దగ్గర చిన్న కామా, స్వరం పెంచాల్సిన చోట గీత, ఒకచోట "తొందరపడకు" అని నాకు నేనే రాసుకున్న మాట. తర్వాతి సాధనలో చూస్తే సగం గుర్తులు చెరిపేసి తనవి పెట్టుకుంది. మొదట చిరాకు వేసింది. తర్వాత పక్కన నిలబడి వింటే, తన ఊపిరికి ఆ చోట్లే సరిపోతున్నాయి. "తొందరపడకు" మాత్రం చెరపలేదు.

దేవుడు రాజుగా తోసేసిన సౌలు కోసం ఏడుస్తున్న ప్రవక్త సమూయేలును దేవుడు ఎంతకాలం దుఃఖిస్తావని అడుగుతాడు. నీ కొమ్మును నూనెతో నింపి బయలుదేరు అంటాడు. ఎవరిని అభిషేకించాలో అప్పటికి పేరు కూడా చెప్పలేదు. యెష్షయి కొడుకుల్లో ఒకడు అన్నంతవరకే. నా పరిస్థితీ అదే. పాడటం కాకపోతే ఏమిటన్నది తెలియకుండానే స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి), హార్మనీ (గొంతులను కలిపి పాడించే పద్ధతి) నేర్పే తరగతిలో చేరాను. ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు.

అక్కడ నాకు పెద్ద దెబ్బే తగిలింది. ఇన్నేళ్లు బృందంలో ఉండి సొప్రానో తప్ప వేరే వరుస వినలేదు. రాగం మాదే కాబట్టి మిగతావాళ్లు మాకు తోడు అనుకునేవాళ్లం. నాలుగు గొంతులకు రాయడం మొదలుపెట్టాక ఆల్టో, అంటే సొప్రానో కిందే ఉండే వరుస, ఎంత పని చేస్తుందో తెలిసింది. రెండు మూడు స్వరాల మధ్యే తిరుగుతుంది, పాట దుఃఖమో సంతోషమో చాలాచోట్ల అదే తేలుస్తుంది. సమాంతర పంచమాలు రాయకూడదని ఒక నియమం ఉంది. రెండు గొంతులు పంచమం దూరంలోనే, అంటే స నుంచి ప దూరంలోనే, ఉండి ఒకే దిక్కుకు కదిలితే రెండూ ఒకటే అయినట్టు వినబడి, వాటి సొంతదనం పోతుంది. నా తొలి అభ్యాసాల నిండా మాస్టారి ఎర్ర గీతలే. సరిచేయాలంటే దాదాపు ప్రతిసారీ సొప్రానోను కిందికి దించాల్సి వచ్చేది. నాకు నవ్వొచ్చింది, ఆయనకు కారణం తెలియదు.

ఆల్బమ్ కల పోయింది. దాని చోటులో మరో కల వచ్చిందని వెంటనే చెప్పలేను, చాలాకాలం ఖాళీయే ఉంది. ఇప్పుడైతే ఉంది: చిన్న సంఘాల్లో, పియానో లేకుండా, అయిదారుగురు ఉన్నా పాడుకోగలిగే పాటలు రాయాలని. అదే యెషయా నలభై ఆరో అధ్యాయానికి వచ్చేసరికి పూర్వం జరిగినవాటిని జ్ఞాపకం చేసుకోమంటాడు. రెండు మాటలకూ పొంతన లేదని ఎవరైనా వాదిస్తే నాకు వాదించాలనిపించదు. పెన్‌డ్రైవు చెల్లి దగ్గర నుంచి తెచ్చుకున్నాను. ఒక పాటలో ఆల్టోలు ఎక్కడ మలుపు తిప్పారో చూడాల్సి వచ్చి, సొప్రానోను పట్టించుకోకుండా మొత్తం విన్నాను.

నూట ముప్పయ్యో కీర్తనకు నేను కట్టిన వరుసను బృందం ఇప్పుడు సాధన చేస్తోంది. టెనర్లు, అంటే మగవాళ్ల పై వరుస పాడేవాళ్లు, ఇద్దరే, అందులో ఒకరు వారం విడిచి వారం వస్తారు. ఆయన రాని వారాల కోసం ఆ వరుసను మూడు గొంతులకు కుదించి ఇంకో ప్రతి రాస్తున్నాను.