గంజాం జిల్లా అని రాసిన దస్తావేజు, పాత టోపోషీటు

మా ముత్తాత పేరున ఉన్న క్రయదస్తావేజులో ఊరి పేరు పక్కన "గంజాం జిల్లా, చికాకోలు (అంటే నేటి శ్రీకాకుళం) తాలూకా" అని రాసి ఉంటుంది. ఆ ఒక్క మాటను పట్టుకుని మా బంధువుల్లో ఒక తరమంతా మన పూర్వీకులు ఒడిశా నుంచి వచ్చినవారని నమ్మింది, పెళ్ళి సంబంధాల దగ్గర కూడా అలాగే చెప్పుకుంది. నిజానికి మావాళ్ళు నరసన్నపేటకూ కళింగపట్నానికీ మధ్య, వంశధారకు దాపున, ఉన్న చోటే ఉన్నారు. జిల్లా సరిహద్దే వారి మీదుగా కదిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తరువాత అవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. పార్వతీపురం వారి పరిస్థితి ఇంకా చిత్రమైనది. 1950కి ముందు విశాఖపట్నం, ఆపైన శ్రీకాకుళం, 1979 జూన్ 1 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం, ఇలా ఇల్లు కదలకుండానే కాగితాల మీద నాలుగు జిల్లాలు మారాయి. వంశచరిత్ర వెతికేవారు ఏ జిల్లా రికార్డు అడగాలో తెలియక తిరుగుముఖం పట్టేది చాలాసార్లు ఇక్కడే.

ఈ చిక్కు నాకు పాత టోపోగ్రాఫిక్ మ్యాపు, అంటే నేల ఎత్తుపల్లాలు, ఊళ్ళు, దారులు చూపే టోపోషీటు ముందు కూర్చున్న తరువాతే విడిపోయింది. ఈ మ్యాపులు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైంది; బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి త్రికోణమితి సర్వేకు నాంది పలికాడు. పంతొమ్మిదో శతాబ్దపు అట్లాసు షీట్లు నాలుగు మైళ్ళు ఒక అంగుళంగా, ఒకే నలుపు రంగులో ఉండేవి. వాటిలో మన పల్లెలు ఒక చుక్క, ఒక పేరు, అంతే. 1905 నాటి కమిటీ సిఫారసుల తరువాత వచ్చిన రంగుల షీట్లు, అంటే అంగుళానికి ఒక మైలు చొప్పున గీసినవి, మన పనికి అసలైనవి. మెట్రిక్ విధానం వచ్చాక వాటి స్థానంలో 1:50,000 షీట్లు వచ్చాయి.

షీటు సంఖ్య కనుక్కోవడం కష్టమేమీ కాదు. నాలుగు డిగ్రీల పొడవు, నాలుగు డిగ్రీల వెడల్పు ఉన్న గడికి ఒక సంఖ్య, అందులో ఒక్కో డిగ్రీ గడికి ఎ నుంచి పి వరకు ఒక అక్షరం, మళ్ళీ దానిలో పదిహేను నిమిషాల (డిగ్రీలో నాలుగో వంతు) గడికి 1 నుంచి 16 వరకు ఒక అంకె ఉంటాయి. ఈ లెక్కన విజయనగరం పట్టణం 65 ఎన్/8లోను, బొబ్బిలి 65 ఎన్/6లోను, శ్రీకాకుళం పట్టణం 65 ఎన్/15లోను వస్తాయి. అయితే 84 డిగ్రీల తూర్పు రేఖాంశం శ్రీకాకుళానికీ నరసన్నపేటకూ మధ్యగా పోతుంది కాబట్టి నరసన్నపేట, కళింగపట్నం 74 బి/3లోకి వెళ్ళిపోతాయి. అమెరికా సైన్యం 1950లలో అచ్చువేసిన 1:250,000 షీట్లలోనూ ఇదే రేఖ దగ్గర కాగితం తెగుతుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాటిని అందరికీ అందుబాటులో ఉంచింది. మా తాతయ్య శ్రీకాకుళం కోర్టుకు నడిచి వెళ్ళిన దారి చూడాలంటే నేను రెండు షీట్లను అంచుకు అంచు కలిపి పెట్టుకోవలసి వచ్చింది.

సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో నమోదు చేసుకుంటే ఇప్పటి ఓపెన్ సిరీస్ షీట్లు దొరుకుతాయి. మన తీరప్రాంతపు షీట్లు ఎంతోకాలం ఆంక్షల కింద ఉండేవి. 2005 మ్యాపు విధానం, 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు ఆ బిగువును చాలా సడలించాయి.

మా ఊరి చుట్టుపక్కల ఒక అరచేతి మేర చూద్దాం. ఇళ్ళ గుంపు ఎర్రని దిమ్మలుగా ఉంటుంది. చెరువు గట్టు మీద "3ఆర్" వంటి చిన్న గుర్తు కనిపిస్తే ఆ గట్టు చుట్టూ ఉన్న నేల కంటే ఎంత ఎత్తో చెప్పినట్టు. తాటి తోపు, గుడి, నుయ్యి, గెడ్డ, దేని గుర్తు దానికి వేరుగా ఉంటుంది. బండిదారి, కాలిబాట వేరువేరు గీతలు. జనం విడిచిపోయిన ఊరిని నింపని ఎర్రగీతలతో చూపిస్తారు. మా నానమ్మ "పాత ఊరి దిబ్బ" అని చూపించే చోట ఇప్పుడు జీడిమామిడి తోట తప్ప ఏమీ లేదు, కాని షీటులో ఆ నింపని గళ్ళు ఉన్నాయి. అక్కడి నుంచి బయలుదేరిన బండిదారి ఇప్పటి తారురోడ్డును పట్టించుకోకుండా నేరుగా కళింగపట్నం వైపు పోతుంది. మా ముత్తాత తమ్ముడు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడని ఇంట్లో చెప్పుకునేవారు. బర్మాకు కూలికి పోయిన ఈ ప్రాంతపు జనానికి తీరపు రేవులే గుమ్మాలు గనుక ఆ దారి ఆయన ప్రయాణాన్ని నిరూపించకపోయినా, ఆ మాట ఎందుకు నమ్మదగినదో చెబుతుంది. మ్యాపు నుంచి ఇంతకు మించి ఆశించకూడదని నా అభిప్రాయం.

కొన్ని జాగ్రత్తలు లేకపోతే ఇదే మ్యాపు తప్పుదారి పట్టిస్తుంది. షీటు అంచున అచ్చయిన సంవత్సరం, సర్వే జరిగిన సంవత్సరం వేరువేరుగా ఉంటాయి. పునర్ముద్రణలో రైలుమార్గం చేర్చి, పల్లెలను పాత సర్వే ప్రకారమే వదిలేసిన షీట్లు ఉంటాయి. కాబట్టి ఊరి సంగతికి సర్వే సంవత్సరాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఇంకొకటి, పాత షీట్లు ఎవరెస్టు గోళాభం, అంటే భూమి ఆకారానికి అప్పట్లో వాడిన నమూనా మీద కొలిచినవి. మూలల్లోని అక్షాంశ రేఖాంశాలను నేరుగా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే మన ప్రాంతంలో బొమ్మ సుమారు 200 మీటర్లు పక్కకు జరుగుతుంది, చెరువు పొరుగూరి పొలంలో తేలుతుంది. గుడి, పాత రోడ్ల కూడలి, రైలు వంతెన వంటి కదలని గుర్తులను జతపరచడం నయం. నదిని మాత్రం గుర్తుగా పెట్టుకోకూడదు, ఎందుకంటే వంశధార ఏ వరదకు ఏ ఒడ్డును కోస్తుందో ఆ ఒడ్డు వాళ్ళకు బాగా తెలుసు.

టోపోషీటులో పొలం గట్లు, యజమానుల పేర్లు ఉండవు. అవి కావాలంటే గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం), అడంగల్ (సాగు వివరాల గ్రామ లెక్క) చూడాలి. ఇక్కడ జమీందారీ గ్రామాలు ఎక్కువ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సెటిల్‌మెంటుకు ముందు ప్రభుత్వ దఫ్తరాల్లో రైతు పేరు దొరకడం అరుదు, దొరికితే ఎస్టేటు కాగితాల్లో దొరకాలి. ఆ కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే భూమిశిస్తు లెక్కల సంవత్సరాలు ఉంటాయి. వాటికి 590 కలిపితే సరిపోతుంది, అంటే 1350 ఫసలీ 1940 జూలైలో మొదలైంది. ఊరు ఏ తాలూకాలో, ఏ కాలంలో ఉందో షీటు మీద తేల్చుకున్నాకే ఈ కాగితాల వేటకు అర్థం ఉంటుంది.

పట్టా లేని కుటుంబాలకు ఈ రికార్డులేవీ పనికిరావు. వారి తాతలు ఎవరి పొలంలోనో పనిచేశారు, ఏ అడంగల్‌లోనూ లేరు. అయినా సర్వేయరు ఊరికి ఎడంగా వారి పేటను ఎర్రగళ్ళుగా గీశాడు. తనిఖీ బంగళాకు అక్షరాలు కేటాయించిన ఆ షీటు ఈ పేటలకు చాలాచోట్ల పేరే రాయలేదు. మా చిన్నాన్న షీటును పెద్దగా ప్రింటు తీయించి, పేటల్లోని పెద్దవాళ్ళను అడిగి, గళ్ళ పక్కన పెన్సిలుతో పేర్లు రాయిస్తున్నారు. వాటిలో కొన్ని ఇప్పటి ఏ గ్రామ రికార్డులోనూ లేవు.