హారం దగ్గరే తకరారు

అనంతపురం, జూలై. సోమవారం.

మబ్బు కమ్మింది గానీ చినుకు లేదు. విభాగాల నుంచి వచ్చిన ఈ ఏటి లక్ష్యాల షీట్లు టేబులు నిండా పరుచుకుని ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో నాణ్యత సంగతి చూసే ఐక్యూఏసీ విభాగం గదిలో ఏటా ఈ వారం ఇంతే. మొదటి షీటు తెరిస్తే “పరిశోధన నాణ్యతను పెంపొందించుట”. రెండోది “ఉత్తీర్ణతను మెరుగుపరచుట”. మూడోది “సర్వతోముఖాభివృద్ధికి కృషి చేయుట”. ఈ ‘ట’తో ముగిసే వాక్యాల్లో ఏడాది తర్వాత తప్పయ్యేది ఒక్కటీ ఉండదు. తప్పే వీలు లేనిదాన్ని లక్ష్యం అనలేం. అందుకే పొద్దుటి పనంతా వాటిని గళ్లలోకి దించడమే: దేన్ని కొలుస్తున్నాం, ఎంతమందిలో, ఇప్పుడెంత ఉంది, ఏ తేదీకి ఎంత కావాలి, చూసుకునేది ఎవరు, ఏ కాగితం చూపిస్తే ఒప్పుకుంటాం. మొత్తం ఆరు గళ్లు. తకరారంతా రెండో గడి దగ్గరే, అంటే శాతం కట్టేటప్పుడు కింద వేసి భాగించే అంకె, హారం దగ్గరే.

ఉత్తీర్ణతనే చూద్దాం. ఒక ఎమ్మెస్సీలో 40 మంది చేరారనుకుందాం. పరీక్ష ఫీజు కట్టింది 36 మంది, హాలుకొచ్చి రాసింది 34, అన్ని పేపర్లూ గట్టెక్కింది 27. రాసినవాళ్లలో లెక్కేస్తే 79 శాతం. ఫీజు కట్టినవాళ్లలో 75. చేరినవాళ్లలో 67.5. మూడూ నిజమే. పరీక్షల విభాగం మొదటిదే ఇస్తుంది, వాళ్లు ఫలితాలు తీసేది రాసినవాళ్ల జాబితాతోనే కాబట్టి. విభాగాధిపతులకూ అదే ఇష్టం, ఎందుకో చెప్పక్కర్లేదు. కానీ విభాగం చెయ్యగలిగిన పని ఉన్నది మధ్యలో రాలిపోయిన ఆ ఆరుగురి దగ్గర. ఒకరికి హాజరు 75 శాతానికి తగ్గి ఉంటుంది, ఒకరికి రీయింబర్స్‌మెంటు సొమ్ము రాక ఫీజు బాకీ ఉంటుంది, ఇంకొకరికి బీఈడీ సీటొచ్చి ఉంటుంది. మొదటి ఇద్దరినీ నిలుపుకోవచ్చు, మూడోవారిని పంపించి సంతోషపడాలి. రాసినవాళ్ల శాతంలో ఈ ముగ్గురూ కనబడరు. చివరికి ‘చేరినవాళ్లలో’ అన్న హారమే ఖాయం చేసి, పక్కన రాసినవాళ్ల అంకె కూడా ఉంచాం. ఏ హారం ఎంచుకున్నా బతకొచ్చు, ఏడాది మధ్యలో మాత్రం మార్చకూడదు. పోయినేడు పెద్ద పడితో కొలిచి ఈ ఏడు చిన్న పడితో కొలిస్తే గింజ పెరగకుండానే లెక్క పెరుగుతుంది.

“ఇంగ ఏముంది సార్, అందరికీ పది శాతం పెంచేద్దాం” అన్న మాట ప్రతి ఏడూ వస్తుంది, ఈ రోజూ వచ్చింది. 92 శాతం ఉన్న విభాగం దానిమీద పది శాతం పెరిగితే 101.2 అవుతుంది. 60 ఉన్న విభాగం 66కి పోవాలా, 70కి పోవాలా అని అడిగితే గదిలో సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి అన్నారు. అందుకే షీటులో శాతం పెంపు రాయొద్దు, చేరాల్సిన అంకే రాయమన్నాం. చిన్న విభాగాలకు అసలు శాతమే వద్దు. పన్నెండు మంది ఉన్న క్లాసులో ఒక్కరు తప్పితే 8.3 పాయింట్లు పడిపోతాయి. అది పతనం కాదు, ఒక్క పిల్లవాడి జ్వరం. అలాంటిచోట ‘12లో 9’ అని రాసి, మూడేళ్ల మొత్తం కలిపి చూడాలి.

పరిశోధన వ్యాసాల లెక్క ఎప్పుడూ రెట్టింపు వస్తుంది. ఫిజిక్సు, కెమిస్ట్రీ కలిసి రాసిన వ్యాసాన్ని రెండు విభాగాలూ పంపుతాయి. విభాగానికి దాంట్లో వాటా ఉండాల్సిందే, విశ్వవిద్యాలయం మొత్తంలో మాత్రం ఒక్కసారే రావాలి. దీనికి మందు డీఓఐ సంఖ్య, అంటే ఒక్కో వ్యాసానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. ఆ గడి ఖాళీగా ఉన్న వరుసను లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టి, డూప్లికేట్లు తీసేసే బటన్ నొక్కితే సగం గొడవ తీరుతుంది. మిగతా సగం పేర్లతో. మనకు ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరనుకుంటాయి. ఈ జిల్లాలో ‘రెడ్డి’ అని వెతికితే ఎంతమంది తేలతారో వేరే చెప్పాలా? ఒకే మనిషి మూడు రూపాల్లో ఉంటాడు, ముగ్గురు మనుషులు ఒకే రూపంలో ఉంటారు. ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు, ఆర్కిడ్ సంఖ్య తీసుకోమని అందరికీ రాశాం. విశ్వవిద్యాలయం పేరు కూడా ఒక్క స్పెల్లింగుతోనే రాయాలి. పొట్టి పేరుతో అచ్చయిన వ్యాసం మన ఖాతాలో పడుతుందన్న భరోసా లేదు.

ఇంకో చిక్కు, ఏడాది అంటే ఏ ఏడాది? వ్యాసాలకు జనవరి నుంచి డిసెంబరు, డబ్బుకు ఏప్రిల్ నుంచి మార్చి, విద్యార్థులకు విద్యా సంవత్సరం. ఒకే షీటులో మూడూ ఉంటాయి కాబట్టి ప్రతి వరుస పక్కనా ఏ ఏడాదో రాయాలి. రాయకపోతే ఫిబ్రవరిలో వచ్చిన గ్రాంటు రెండేళ్లలోనూ కనిపిస్తుంది.

తలసరి లెక్కలో అయితే ఖాళీల సంగతి వస్తుంది. ఎనిమిది పోస్టులున్న చోట ముగ్గురే రెగ్యులర్ వాళ్లున్నారనుకుందాం, తొమ్మిది వ్యాసాలొచ్చాయి. ఉన్నవాళ్లలో తలకు మూడు, పోస్టుల్లో తలకు ఒకటీ చిల్లర. మొదటిది ఆ ముగ్గురి కష్టం చెబుతుంది, రెండోది ప్రభుత్వానికి రాసే ఉత్తరంలోకి పనికొస్తుంది. రెండూ ఉంచాలి. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు లెక్చరర్ల మీద వ్యాసాల లక్ష్యం మోపడం మాత్రం అన్యాయం, ఆ గడి కొట్టేశాం.

మధ్యాహ్నమంతా పీహెచ్‌డీలకే సరిపోయింది. షీట్లలో ‘ఈ ఏడు ఇచ్చిన పట్టాలు’ అని ఉంది. అది ఆరేడేళ్ల కిందటి చేరికల ఫలితం, ఈ ఏటి పని కాదు. యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2022 నిబంధనల ప్రకారం, మొదట్లో చదవాల్సిన కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, తిరిగి రిజిస్టరు చేసుకుంటే మరో రెండేళ్లు. కాబట్టి చేరిన ఏడాది వారీగా గుంపులు కట్టాలి. ఫలానా ఏడాది చేరినవాళ్లలో ఆరో ఏడు నిండేసరికి థీసిస్ ఇచ్చినవారెందరు, ఇంకా సాగుతున్నవారెందరు, మానుకున్నవారెందరు? 2020లో చేరినవాళ్లకు ల్యాబులు మూతపడిన నెలలున్నాయి, వాళ్ల వరుస పక్కన ఆ మాట రాసి ఉంచాలి. లేకపోతే పదేళ్ల తర్వాత చూసేవాళ్లు ఆ గైడ్లను తిడతారు.

గుంపులు కట్టాక అసలు జబ్బు ఎక్కడుందో చూడ్డానికి తేదీలు కావాలి. కోర్సువర్క్ పూర్తయిన తేదీ, ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందుకు వచ్చిన తేదీ, థీసిస్ ఇచ్చేముందు పనిని వివరించే ప్రీ-సబ్మిషన్, థీసిస్ ఇచ్చిన రోజు, చివరి మౌఖిక పరీక్ష వైవా. ఐదు తేదీలూ పక్కపక్కన పెడితే ఎక్కువ జాప్యం స్కాలరు రాతలో ఉండకపోవచ్చు, థీసిస్ ఇచ్చాక ఉండొచ్చు. పరీక్షకుల జాబితా సంతకాల కోసం తిరుగుతుంది, మొదటి పరీక్షకుడు జవాబివ్వడు, నెలన్నర చూసి రెండో ఆయనకు రాస్తారు. మూల్యాంకనమంతా ఆరు నెలల్లో ముగించాలని నిబంధన. ఈ ఏడు లక్ష్యంగా ఒక్కటే పెట్టాం: థీసిస్ అందిన 15 రోజుల్లో పరీక్షకులకు ఉత్తరం పోవాలి, 30వ రోజుకు జవాబు రాకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లాలి. ఇది ఎవరి ప్రతిభనూ అడగదు, ఒక గుమాస్తా, ఒక క్యాలెండరు చాలు. పట్టాల సంఖ్య పెంచుతామని రాసుకోవడం కన్నా దీని మీదే నాకు నమ్మకం.

ఏడాది చివర్లో మాత్రమే చూసే అంకెలతో ఇదే బాధ. అనంతపురం రైతును ఈ ఏడు మొత్తం ఎంత వాన పడిందని అడిగి లాభమేంటి? శనక్కాయ ఊడలు దిగేటప్పుడు పదును లేకపోతే, అక్టోబరులో కుమ్మరించి 550 మిల్లీమీటర్లు నిండినా కాయ నిండదు. అలాగే ఉత్తీర్ణత శాతం వచ్చేసరికి పంట ఇంటికొచ్చో పోయో ఉంటుంది. సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే నాలుగో వారంలోనే రెండు చూడాలి. హాజరు 60 శాతం దిగువన ఉన్నవాళ్ల జాబితా ఒకటి, సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందన్నది ఒకటి. మొదటి పీరియడు హాజరు విడిగా తియ్యాలి. ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు ఆ పీరియడుకే తప్పుతారు. అలాంటిచోట లెక్చరరుకు మెమో ఇవ్వడం దండగ, టైంటేబులు అరగంట జరిపితే సరిపోతుంది.

ప్లేస్‌మెంట్లలో ఆఫర్లు లెక్కపెట్టకూడదు, మనుషుల్ని లెక్కపెట్టాలి. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లొస్తే షీటులో ముగ్గురవుతారు. పై చదువులకు పోయినవాళ్లను హారంలోంచి తీసి వేరే గడిలో చూపాలి. డీఎస్సీకో పోలీసు ఉద్యోగానికో తయారవుతున్నవాళ్లను ‘నిరుద్యోగులు’ అని రాయకూడదు, ‘తయారీలో’ అని ఇంకో గడి ఉండాలి. ఆరు నెలల తర్వాత ఫోన్ చేస్తే సగం నంబర్లు పనిచెయ్యవు. టీసీ ఇచ్చే రోజే ఇంట్లోవాళ్ల నంబరు కూడా రాయించుకుంటే ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి.

ఫీడ్‌బ్యాకు గురించి ఎక్కువ రాయను. హాల్‌టికెట్ కావాలంటే ఫారం నింపాలని మెలిక పెడితే, అన్నిటికీ ఐదు నొక్కి వెళ్లిపోతారు. ఒక ప్రశ్నను తిప్పి అడిగితే చదవకుండా నొక్కినవి పట్టుబడతాయి. ఒక్కో కోర్సులో పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూపే కోర్సు ఫలితాల లెక్కలోనూ ఇంతే. అసైన్‌మెంటుకు అందరికీ పదికి తొమ్మిదేసి, దాన్నే కలిపితే ప్రతి కోర్సూ అన్నిటికన్నా పైదైన మూడో స్థాయికి చేరుతుంది. మిడ్ మార్కులకూ అసైన్‌మెంటు మార్కులకూ తేడా ఎంతో చూస్తే పడి అడుగున గుడ్డ కుక్కిందెవరో తెలిసిపోతుంది.

కాలేజీలకూ విశ్వవిద్యాలయాలకూ గ్రేడులిచ్చే న్యాక్ సంగతి సాయంత్రం టీ దగ్గర వచ్చింది. ఇన్నాళ్లూ నడిచిన ఏడు ప్రమాణాల పద్ధతిలో విశ్వవిద్యాలయాలకు 1000లో 250 పరిశోధనకు, 200 బోధన–మూల్యాంకనానికి, 150 పాఠ్య ప్రణాళికకు, మిగతా నాలుగింటికీ వందేసి. ఎక్కువ బరువున్నదాని వెనకే పడదామంటారు. కానీ ఏ అంకెను కదపడం ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి కదా. పొరుగు విశ్వవిద్యాలయాలతో పోలికా అంతే. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ 1981 నుంచి ఉంది, కడప యోగి వేమన 2006లో, కర్నూలు రాయలసీమ 2008లో వచ్చాయి. మొత్తం వ్యాసాలు పక్కపక్కన పెడితే తేలేది వయసే. గత మూడేళ్లవి తీసుకుని, పనిచేస్తున్న బోధకులతో భాగిస్తే పోలిక కాస్త నిలబడుతుంది.

రుజువుల విషయం ఒక్కటి గట్టిగా చెప్పి లేచాం. కార్యక్రమం జరిగిన వారంలోనే హాజరు పట్టిక, ఉత్తర్వు, తేదీ కనిపించే ఫోటో ఒకే ఫోల్డరులో పడాలి. అంకెలు ప్రతి మూడు నెలల చివరి శుక్రవారం ఖరారవుతాయి. ఆ తర్వాత దిద్దితే పాత అంకె చెరపకుండా పక్కన ఎవరు, ఎందుకు మార్చారో రాయాలి. విభాగానికి ఐదు లక్ష్యాలకు మించొద్దన్నాం. ఒకాయన పద్నాలుగు తెచ్చారు, ఐదుకు కుదించమంటే మొహం మాడ్చుకున్నారు.

రేపు సామాజిక శాస్త్రాల షీట్లు. అందులో రెండింటికి రెండో గడి ఖాళీగానే వచ్చింది.