ఆవిరి లేని టవర్లు

బుధవారం రాత్రి

పొద్దున లెస్టర్‌లో రైలెక్కితే అదృష్టం కొద్దీ కిటికీ పక్క సీటు దొరికింది. ఈస్ట్ మిడ్‌లాండ్స్ పార్క్‌వే దగ్గర ఆగగానే తల దానంతటదే అటు తిరిగింది. రాట్‌క్లిఫ్ థర్మల్ స్టేషన్, ఎనిమిది కూలింగ్ టవర్లు. నేను వచ్చిన కొత్తలో వాటి మూతుల నుంచి తెల్లగా ఆవిరి లేస్తుండేది. 2024 సెప్టెంబరు 30న ఆపేశారు. బ్రిటన్‌లో బొగ్గు కరెంటు ఆ రోజుతో సరి.

రామగుండం చిమ్నీలు చూస్తూ పెరిగినవాణ్ణి. నాన్న ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో దిగారు, మా ఫీజులన్నీ ఆ బొగ్గే కట్టింది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

భోజనాల దగ్గర మా సెక్షన్ పెద్దాయన ఎప్పటి పాటే ఎత్తుకున్నారు. ఇండియా, చైనా కొత్త బొగ్గు ప్లాంట్లు కడుతుంటే మేమిక్కడ తగ్గించి ఏం లాభం అని. నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నందుకు సాయంత్రం దాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

లండన్‌లో బొగ్గుతో కరెంటు తీసి అమ్మడం 1882లో మొదలైంది. 142 ఏళ్లు కాల్చారు. బొగ్గు బూడిదైపోతుంది కానీ, దాని నుంచి వెళ్లిన, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు గాలిలోనే తిరుగుతుంది. మా ముత్తాత పుట్టకముందు ఇక్కడి మిల్లుల్లో కాలింది కూడా ఇవాళ్టి ఎండలో ఉంది. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఇప్పటిదాకా వదిలిందంతా కలిపితే, సుమారు ఏడు కోట్ల మంది ఉన్న ఈ దేశం వాటా 140 కోట్ల ఇండియా వాటా కన్నా నేటికీ ఎక్కువే. ఇదంతా ఆయనతో అనాల్సింది.

రెండింటికి అమ్మ ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం ఆరున్నర, డాబా మీద నీళ్లు చల్లుతోందట. స్లాబు సుయ్‌మంటోందని చెబుతూ చెబుతూ, “ఉండు నాన్నా, ట్యాంకు నిండి కారిపోతోంది, మోటారు ఆపి వస్తాను” అని పరుగెత్తింది. 2050కల్లా నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలేదీ తిరిగి తీసేదీ సమానం చేస్తాం అనే పెద్ద దేశాలు గుర్తొచ్చాయి. ట్యాంకు పొంగుతుంటే, పొద్దుగూకేలోపు మోటారు ఆపుతామని కుర్చీలో కూర్చుని చెప్పడమే కదా అది. ఈలోగా పోసిందంతా ఎవరి గోడ తడుపుతుంది?

2012లో ఈ దేశపు కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. పన్నెండేళ్లలో సున్నాకి తెచ్చారు, దీపాలు ఆరిపోలేదు. తలచుకుంటే అంత వేగంగా చేయగలిగినవాళ్లు, ఇళ్లను వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ల దగ్గరికి, విమానాల దగ్గరికి వచ్చేసరికి నసుగుతారు. (విమానం మాట నాకూ తగులుతుంది. ఏటా డిసెంబరులో శంషాబాద్‌లో దిగుతాను.)

తిరుగు ప్రయాణంలో రైలు పార్క్‌వేలో మామూలు కన్నా ఎక్కువసేపు ఆగింది. టవర్ల ఫొటో తీసి నాన్నకు పంపాను. ఇంత పెద్దదాన్ని మూసేశారంటే ఆశ్చర్యపోతారనుకున్నాను. ఆయన నిద్రపోలేదు, వెంటనే జవాబిచ్చారు.

“అందులో చేసినోళ్లకు వేరే పని చూపించారా?”

కనుక్కుని చెబుతానన్నాను.